సీటు పిల్లర్‌కూ అదే అయిదు శాతం

జి.ఎస్.టి. మండలి తీర్మానాలలో చిన్న కార్లకు, బీమా ప్రీమియంకు దొరికే ప్రచారం సైకిలు విడిభాగాలకు దొరకదు. 2025 సెప్టెంబరు 3న న్యూఢిల్లీలో మండలి 56వ సమావేశం ముగిసినప్పుడూ అదే జరిగింది. సైకిళ్లమీద, వాటి విడిభాగాలమీద పన్ను 12 నుండి 5 శాతానికి తగ్గిన సంగతి పొడుగాటి జాబితాలో ఎక్కడో అడుగున ఉండిపోయింది. ఆ నెల 22 నుండి కొత్త రేటు అమలులోకి వచ్చింది. పేదవాని వాహనంమీద పన్ను తగ్గించినందుకు ఎవరూ ఆక్షేపించలేదు, ఆక్షేపించవలసిన పనీ లేదు. అయితే ఆ అయిదు శాతం గొడుగు కిందికి ఎవరెవరు చేరినారో తెలియాలంటే ఢిల్లీలో కూర్చుంటే చాలదు, తపతీ తీరాన ఉన్న సూరత్ దాకా పోవాలి.

రాజకీయాలు తెలిసిన పాఠకులకు సూరత్ అనగానే 1907 డిసెంబరు కాంగ్రెసు మహాసభ గుర్తుకు వస్తుంది. మితవాదులు, అతివాదులు కలహించి, వేదికమీదికి చెప్పు విసిరి, సభను భగ్నం చేసిన ఊరు అది. ఆ తరువాత ఆ ఊరు రాజకీయాలను తగ్గించుకొని వ్యాపారాన్ని పెంచుకుంది. లోకంలోని వజ్రాలలో అత్యధిక భాగం సానబట్టేది అక్కడనే. 2023 డిసెంబరులో ప్రధాని ప్రారంభించిన వజ్రాల బజారు భవనం విస్తీర్ణంలో అమెరికా పెంటగాన్‌ను మించినదని గుజరాతీయులు చెప్పుకుని మురిసిపోతారు. 2024లో సూరత్ లోక్‌సభ స్థానానికి పోలింగు అక్కరే లేకపోయింది, అభ్యర్థి ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు ప్రకటించారు. 1994లో ప్లేగు పేరు చెప్పి జనం పారిపోయిన నగరాన్ని, 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు అనే తెలుగు అధికారి ఊడ్చి శుభ్రం చేయించిన కథ ఇప్పటికీ అక్కడివారు చెప్పుకుంటారు. 2023 సంవత్సరపు సర్వేలో ఇందోరుతో కలిసి దేశంలో అతి శుభ్రమైన నగరంగా నిలిచినది ఆ సూరతే.

డబ్బు, శుభ్రమైన రోడ్లు రెండూ ఉన్న ఊరిలో ఖరీదైన సైకిళ్ల ముచ్చట పుట్టడం వింత కాదు. వింత ఏమిటంటే, చదరంగపు బల్లలా చదునుగా ఉన్న ఆ ఊరిలో కొనే ఖరీదైన సైకిలు కొండలెక్కే సైకిలు కావడం. కొండ కావాలంటే నూటయాభై కిలోమీటర్లకు పైబడి పోయి డాంగ్ జిల్లాలో సాపుతారా చేరాలి. సైకిలు కొన్నవాడు అంతటితో ఆగడు. ఒక్కొక్క భాగాన్నీ తీసి దానికంటె మేలైన భాగాన్ని తెప్పించుకుంటాడు. ఆ వరుసలో అందరికీ కనిపించేటట్టు తళతళలాడేది టైటానియం సీటు పిల్లర్.

సీటు పిల్లర్ అంటే గొప్ప యంత్రం ఏమీ కాదు. మన వీధి చివర సైకిలు షాపులో సీటు ఎత్తు పెంచమంటే స్పానరుతో నట్టు వదులు చేసి పైకి లాగే గొట్టమే. దానినే ఉక్కుతో గాక టైటానియంతో చేసి, అమెరికాలో కొలరాడో రాష్ట్రం వంటిచోట్ల చిన్న కార్ఖానాలలో చేతితో అతికి, సుమారు మూడునాలుగు వందల డాలర్లకు అమ్ముతారు. మన డబ్బులో పాతిక, ముప్ఫయివేల పైమాట, సుంకాలు వేరే. ఆ సొమ్ముతో నాలుగైదు మామూలు సైకిళ్లు వస్తాయి.

ఇందులో దగా ఉన్నదని చెప్పబోవడం లేదు. ఉక్కుకంటె టైటానియం బరువు సుమారు నలభైశాతం తక్కువ. తుప్పు పట్టదు కాబట్టి రంగుతో పని లేదు. బిగువు ఉక్కులో సగమే గనుక గతుకు వచ్చినప్పుడు కాస్త వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. రోజంతా సీటుమీద కూర్చునేవాని నడుముకు అదే వరం. అయితే కొనేవాడు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని అంగడివాడు చెప్పడు. మంచి అల్యూమినియం పిల్లర్ కూడ ఇంచుమించు అంతే తూగుతుంది కనుక బరువు తగ్గుతుందని కొనడం దండుగ. ఆ మెత్తదనం 27.2 మిల్లీమీటర్ల సన్నని పిల్లర్‌లో తెలిసినంతగా 31.6 మిల్లీమీటర్ల లావుదానిలో తెలియదు. ఫ్రేము గొట్టం లోపలి వ్యాసం కొలవకుండా కొన్నవానికి అర మిల్లీమీటరు తేడాతో పాతికవేలు అలంకారప్రాయమవుతాయి. లోపల దిగవలసిన కనీసపు గీత దాటి పైకి లాగితే ఎంత గొప్ప లోహమైనా ఫ్రేమును చీలుస్తుంది. బిగించేముందు రెండు లోహాలూ పట్టుకుపోకుండా పూత రాయాలి, లేకుంటే ఏడాది తరువాత రంపంతో కోసినా రాదు. పైగా నిజంగా కొండదారులలో తిరిగేవారు ఈనాడు ఎక్కువగా మీట నొక్కితే కిందికి దిగే పిల్లర్‌కు మారిపోయినారు. కదలని టైటానియం పిల్లర్ అవసరంకంటె అభిరుచికి సంబంధించిన విషయమన్నమాట.

ఈ గొట్టానికి ఒక రాజకీయ పూర్వజన్మ ఉన్నది. లక్సెంబర్గుకు చెందిన విలియం క్రోల్, టైటానియం క్లోరైడును మెగ్నీషియంతో కలిపి కాచి లోహాన్ని రాబట్టే పద్ధతిని 1940 ప్రాంతంలో కనిపెట్టినాడు. ఆ తరువాత రెండు అగ్రరాజ్యాలూ ఆ లోహం కోసం పోటీపడినాయి. సోవియట్‌వారు దానితో జలాంతర్గాములే కట్టినారు. అమెరికావారు సోవియట్ దేశంమీద గూఢచర్యం చేసే విమానాన్ని చేయడానికి అవసరమైన టైటానియంలో కొంత, బినామీ కంపెనీల ద్వారా ఆ సోవియట్ దేశం నుండే కొన్నారు. ప్రచ్ఛన్న యుద్ధంలో ఇంతకంటె నిజాయితీగల వ్యాపారం మరొకటి జరిగి ఉండదు! మూడుపాళ్లు అల్యూమినియం, రెండున్నరపాళ్లు వెనేడియం కలిసిన టైటానియం గొట్టాలు విమానాల హైడ్రాలిక్ వ్యవస్థలకోసం పుట్టినవి. 1980లలో అమెరికాలో సైకిలు చేసేవారి చేతికి అవి చిక్కినాయి. ఈనాడు ప్రపంచపు టైటానియం స్పాంజిలో సగానికి పైగా చైనాది. షాన్సీ రాష్ట్రంలోని బావోజీ నగరాన్ని టైటానియం పట్టణమనే పిలుస్తారు. పాశ్చాత్య ముద్ర లేని చౌక పిల్లర్లు చాలావరకు అక్కడినుండే వస్తాయి.

మరి మన సంగతి? భావనపాడు, కళింగపట్నం, భీమునిపట్నం తీరాలలో నల్లగా మెరిసే ఇసుకలో ఉన్నది ఇల్మనైటు, టైటానియం ముడి ఖనిజం. ఒడిశాలో ఛత్రపురం, కేరళలో చవర కూడ అటువంటివే. ఆ ఇసుకలోనే మోనజైటు, మోనజైటులో థోరియం ఉండడంచేత అది అణుశక్తి శాఖ గడప దాటి రావడానికి దశాబ్దాలు పట్టింది. టైటానియంతో సహా ఆరు ఖనిజాలను అణు ఖనిజాల జాబితానుండి తప్పిస్తూ పార్లమెంటు చట్టాన్ని సవరించింది 2023లో. స్పాంజి తీసే విద్య హైదరాబాదులో రక్షణ లోహ పరిశోధనాలయం అభివృద్ధి చేసినది. అంతరిక్ష సంస్థ పెట్టుబడితో 2011లో చవరలో కార్ఖానా ప్రారంభమైంది. సామర్థ్యం ఏడాదికి 500 టన్నులు. 1973లో స్థాపించిన మిధాని కంచన్‌బాగ్‌లో ఆ లోహాన్ని మిశ్రమాలుగా కరిగిస్తుంది. క్షిపణులు, రాకెట్లు, విమానాలు వరుసలో ముందు నిలబడి ఉండగా సైకిలు పిల్లర్ వరుస చివర నిలబడుతుంది. అది న్యాయమే. కాని మన తీరపు ఇసుక ముడిసరుకుగా, తెల్లరంగు పొడిగా అమ్ముడుపోతూ, లోహం గొట్టమై విమానంలో తిరిగి రావడం మాత్రం ప్రణాళికా సంఘం బతికి ఉన్ననాటి నుండీ వింటున్న పాత పాటే.

నిజానికి సూరత్‌కు టైటానియం కొత్త కాదు. హజీరాలో పాలిస్టరు ముడిసరుకైన టెరెఫ్తాలిక్ ఆమ్లం తయారుచేస్తారు. ఆ తయారీలో ఎసిటిక్ ఆమ్లం, బ్రోమైడు కలిసి ఉక్కును తినివేస్తాయి కనుక ఆ పాత్రలకు లోపల టైటానియం పొర తొడుగుతారు. అరిహంత్ జలాంతర్గామి దేహభాగాలను తయారుచేసి విశాఖకు పంపినదీ హజీరాలోని కార్ఖానాయే. అన్నిటికంటె చిత్రం నూలు. పాలిస్టరు దారం మరీ గాజులా మెరవకుండా ఉండడానికి అందులో టైటానియం డయాక్సైడు కలుపుతారు. వర్తకులు సెమీడల్ అనే రకంలో అది నూటికి 0.3 పాళ్లు. ఆ పొడిలో అరవైశాతం లోహమే. లెక్కవేస్తే నూటపాతిక కిలోల నూలులో, అంటే సుమారు రెండున్నర, మూడువందల చీరలలో, ఒక సీటు పిల్లర్‌కు సరిపడే టైటానియం ఉంటుంది.

ఆ నూలును నేసేవారిలో మనవారున్నారు. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలనుండి చేతిమగ్గం కూడు పెట్టక వలసపోయిన పద్మశాలీలు లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో తరాలుగా స్థిరపడినారు. సూరత్ నగరపాలక సంస్థ వారి పిల్లలకోసం తెలుగు మాధ్యమ పాఠశాలలు నడుపుతున్నది. మన రాష్ట్రాల తెలుగు భాషాభిమానులు ఒకసారి పోయి చూసి రావలసిన చోటు. లింబాయత్ నవ్‌సారి లోక్‌సభ స్థానంలో ఉన్నందువలన 2024లో అక్కడివారికి ఓటు వేసే భాగ్యం కూడ మిగిలింది. అదే నూలు, అదే తరహా మగ్గాలు సిరిసిల్లలోనూ ఉన్నాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం తొలిసారి పంచిన బతుకమ్మ చీరలలో చాలాభాగం గడువుకు సిరిసిల్ల అందించలేక సూరత్‌నుండి వచ్చాయి. కొన్నిచోట్ల ఆడవారు వాటిని తగులబెట్టారు. ఆ చీరలను నేసినది సూరత్‌లోని తెలుగువాడే అయి ఉండవచ్చునన్న ఆలోచన ఆ మంటల వెలుగులో ఎవరికీ రాలేదు.

ఆ నేతగాడు మగ్గాల షెడ్డుకు సైకిలుమీద పోతాడు. ఒకప్పుడు మన ఊళ్లలో సైకిలుకు మునిసిపాలిటీ బిళ్ల, రాత్రిపూట దీపం, డబుల్ సవారీ చేస్తే జరిమానా ఉండేవి. ఆ రోజులు పోయినా పన్ను పోలేదు. రాష్ట్ర మంత్రుల బృందమొకటి, బీహారు ఉపముఖ్యమంత్రి సమ్రాట్ చౌదరి అధ్యక్షతన, 2024 అక్టోబరులో ఒక తెలివైన సిఫారసు చేసింది. పదివేల రూపాయల లోపు సైకిళ్లమీద పన్ను 12 నుండి 5కు తగ్గించాలి, పదిహేనువేలు మించిన బూట్లమీద, పాతికవేలు మించిన చేతిగడియారాలమీద 18 నుండి 28కి పెంచాలి అన్నది. ఉన్నవానినుండి తీసుకొని లేనివానికి ఊరట ఇవ్వడమన్న ఆ పాతకాలపు సూత్రం పదకొండు నెలలకు రూపు మారింది. మండలి తుది తీర్మానంలో ధర గీత చెరిగిపోయింది. నేతగాని సైకిలుకు కొనే వందరూపాయల పిల్లర్‌కూ, వజ్రాల వర్తకుని కొడుకు తెప్పించే ముప్ఫయివేల పిల్లర్‌కూ ఒకటే అయిదు శాతం. వందమీద అయిదు రూపాయలు మిగుల్చుకున్న పరిపాలన, ముప్ఫయివేలమీద పాత రేటు ఉంటే వచ్చే రెండువేల వంద రూపాయలను వదులుకున్నది.

రేట్లు సరళంగా ఉండాలి, ధరల గీతలు పెడితే బిల్లులో దొంగలెక్కలు పుట్టుకొస్తాయి అని ఆర్థికశాఖవారు వాదిస్తారు. అందులో నిజం లేకపోలేదు. తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిదికి అమ్మే సైకిళ్లు అంగళ్లనిండా కనిపించి ఉండేవి. కాని చెప్పులకు, రెడీమేడ్ దుస్తులకు 2,500 రూపాయల గీత గీసి, దానిలోపు 5 శాతమని నిర్ణయించినది అదే సమావేశం. రెడీమేడ్ దుస్తులు కొనేవారికి, చెప్పులు తొడిగే రైతుకు వర్తించే గీత సైకిలు దగ్గర ఎందుకు జటిలమైందో మండలి చెప్పలేదు. తెలుగు రాష్ట్రాలలో సైకిలు ఒక పార్టీ గుర్తు, ఉత్తర ప్రదేశ్‌లో మరో పార్టీ గుర్తు. 2017లో తండ్రీ కొడుకులు ఆ గుర్తుకోసం ఎన్నికల సంఘం గుమ్మం ఎక్కినారు కూడ. గుర్తుకోసం అంత పట్టుదల చూపిన పార్టీలలో ఏదీ, ఆ గుర్తుమీద పన్ను ఎవరికి ఎంత తగ్గిందని పార్లమెంటు శీతకాల సమావేశంలో పట్టుబట్టి చర్చకు తెచ్చినట్టు జ్ఞాపకం లేదు.