ద్రాక్ష మిగిలితే వైనుకు పోతుందా?

మంగళగిరి: ఫాల్గుణంలో నరసింహస్వామి తిరునాళ్ళ నాటికి మన పండ్ల దుకాణాలలో ద్రాక్ష రాబడి జోరందుకుంటుంది. సరుకు ఎక్కువై ధర జారినప్పుడు, మిగిలింది వైను తయారీకి తోలవచ్చునని కొందరు వర్తకులు భరోసా పెట్టుకుంటారు. ఆ భరోసాతో సరుకు ఆపితే నష్టం తప్పదు.

డెల్టాలో నీరు నిలిచే నల్లనేలలు, తేమ గాలి ద్రాక్షకు పడవు. బూజు తెగులు తగులుతుంది. కనుక సరుకు పైనుంచి రావలసిందే. ఒకప్పుడు హైదరాబాదు తోటలకు పెద్ద పేరు. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ అక్కడ నాటిన అనాబ్-ఎ-షాహీ రకం పందిళ్ళ మీద విరగకాసింది. తరువాత గింజలేని థాంప్సన్ రకం గిరాకీ పెరిగింది. నగరం విస్తరించి తోటలు ఇళ్ళ స్థలాలయ్యాయి. నేడు దేశపు ద్రాక్షలో అధిక భాగం మహారాష్ట్రదే. నాసిక్, సాంగ్లీ, షోలాపూర్ జిల్లాలు ముఖ్యమైనవి.

ఇక తీపి లెక్క. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాలు వస్తుంది. వైనుకు 12 శాతం కావాలంటే లీటరుకు 200 గ్రాములు దాటాలి. అనాబ్-ఎ-షాహీలో తీపి 14 నుంచి 16 శాతమే. ఆ రసం 8 శాతం దగ్గర ఆగిపోతుంది, నిలవకు ఆగదు. థాంప్సన్ బాగా పండితే 20 శాతం దాటుతుంది గాని, తినడానికి పెంచిన ఉబ్బు పండులో వైనుకు కావలసిన పులుపు, వాసన చాలవు. ఎర్ర వైనుకు రంగు తొక్కనుంచే రావాలి. అందుకే నాసిక్ వైనరీలు షిరాజ్, కాబెర్నే, షెనిన్ బ్లాంక్ వంటి ప్రత్యేక రకాలనే వాడుతాయి. ముందుగానే రైతులతో ఒప్పందాలు చేసుకుంటాయి.

మరొక సంగతి. మామిడిని కావిళ్ళు వేసి మాగబెట్టవచ్చు. ద్రాక్ష కోసిన తరువాత మాగదు. తీపి రవంతైనా పెరగదు, తూకం మాత్రం తగ్గుతుంది.

మిగులుకు అసలు దారి కిస్‌మిస్. సుమారు నాలుగు కిలోల థాంప్సన్‌కు ఒక కిలో ఎండుద్రాక్ష దిగుతుంది. అయితే అది తోట దగ్గర, పొడి గాలిలో జరిగే పని. తాస్‌గావ్, సాంగ్లీ వేలాలు దానికి కేంద్రాలు. ఇక్కడికి దిగిన పెట్టెకు ఆ దారి లేదు. కనుక కొనేటప్పుడే గుత్తి చివరి పండు నోట వేసుకుని చూడాలి; పులుపైతే ధర తగ్గించాలి, దిగిన సరుకును వెంటనే కదిలించాలి.