ఇత్తడి సోల మీద మెరుపు

కొత్త ఆయిల్ స్టిక్‌ను కాగితం మీద రుద్దితే రంగు రాదు. ముందు దాని కొసన కట్టిన పలచటి తోలును గుడ్డతోనో చాకుతోనో ఒలవాలి. అప్పుడు లోపలి నుంచి వెన్నలాంటి మెత్తటి రంగు బయటపడుతుంది. పని ముగించి పక్కన పెడితే కొద్ది రోజుల్లో మళ్ళీ తోలు కడుతుంది. ఆ తోలు ఎందుకు కడుతుందో తెలిస్తే ఈ రంగు స్వభావం చాలావరకు అర్థమైనట్టే.

స్టిక్‌లో ముఖ్యంగా ఉండేవి రంగుపొడి, అవిసె లేదా కుసుమ నూనె, మైనం. నూనె రంగుపొడిని పట్టి ఉంచుతుంది, మైనం దాన్ని కడ్డీగా నిలబెడుతుంది. బడిపిల్లలు వాడే ఆయిల్ పాస్టెల్ కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది కానీ దాని జాతి వేరు. అందులో ఉండేది ఖనిజ తైలం. అది ఎన్నేళ్ళయినా పూర్తిగా గట్టిపడదు. ఆయిల్ స్టిక్‌తో వేసినది మాత్రం అసలైన తైలవర్ణ చిత్రమే. మధ్యలో కుంచె లేదు, అంతే.

అవిసె నూనె ఆరడమంటే నీటిలా ఆవిరైపోవడం కాదు. అందులోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు సగం ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. దాని కార్బన్ గొలుసులో మూడు ద్విబంధాలుంటాయి. వాటి పక్కనున్న బలహీనమైన చోట్ల గాలిలోని ఆక్సిజన్ చేరుతుంది. దాంతో ఒక అణువు పక్క అణువుతో ముడిపడుతుంది, అది మరొకదానితో. చివరికి నూనె అంతా ఒకే వలగా అల్లుకుపోతుంది. ఆక్సిజన్‌ను తనలో కలుపుకుంటుంది కాబట్టి ఆరే నూనె బరువు మొదట్లో తగ్గదు సరికదా, పెరుగుతుంది. పైపొర కొన్ని రోజుల్లోనే ఆరినా, మందంగా పూసిన చోట లోపలిదాకా గట్టిపడటానికి నెలలు పడుతుంది. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర పొలాల్లో పండే కుసుమల నూనెలో ఎక్కువగా ఉండేది లినోలెయిక్ ఆమ్లం. దాని ద్విబంధాలు రెండే. అందుకే ఆ నూనె ఇంకా నెమ్మదిగా ఆరుతుంది. కానీ తక్కువగా పసుపెక్కుతుంది కనుక తెలుపు, లేత రంగుల తయారీకి దాన్ని ఇష్టపడతారు.

ఆయిల్ స్టిక్‌లతో స్టిల్ లైఫ్ వేయాలనుకున్నప్పుడు నేను బల్ల మీద పెట్టుకున్నవి రెండు వంకాయలు, ఒక ఇత్తడి సోల. మా నాన్న కిరాణా కొట్టులో కందిపప్పు కొలిచిన సోల అది. కొట్టు ఎప్పుడో మూతపడింది, నాన్న కూడా లేరు.

వంకాయ మెరుపూ ఇత్తడి మెరుపూ ఒకటి కావు. వంకాయ మీద పడ్డ వెలుతురులో కొంత తొక్క పైపొర నుంచే తిరిగి వచ్చేస్తుంది. ఆ కాంతికి ఊదారంగుతో పని లేదు. అందుకే నిగనిగలాడే ఆ చుక్క కిటికీ వెలుతురులా తెల్లగానే ఉంటుంది. ఇత్తడి అలా కాదు. నీలికాంతిని కొంత మింగేసి మిగతాదాన్ని తిప్పికొడుతుంది కాబట్టి దాని మెరుపు కూడా పచ్చగానే ఉంటుంది. అక్కడ ఉత్త తెలుపు పెడితే సోల పింగాణీదైపోతుంది.

ఇక గరుకుదనం సంగతి. గీతలు పడ్డ లోహం వెలుతురును నలువైపులా చెదరగొడుతుంది, అందువల్ల మెరుపు వెడల్పుగా, మసకగా పరుచుకుంటుంది. నున్నటి చోట అదే మెరుపు చిన్నదై పదునెక్కుతుంది. నాన్న సోల ఒళ్ళంతా గీతలే, కానీ అంచు కింద ఒక్కచోట మాత్రం మెరుపు పదునుగా కనిపించింది. సోలను కుడిచేత్తో పట్టుకుని చూశాను. నా బొటనవేలు సరిగ్గా అక్కడే ఆనింది. రోజూ కొలిచి కొలిచి నాన్న వేలు అరగదీసిన చోటు అది. అన్నేళ్ళు ఆ సోల ఇంట్లోనే ఉన్నా, మెరుపుకు రంగు వెతుక్కునేదాకా ఆ గుర్తు నా కంట పడలేదు.

ఆ గుర్తును వేయడానికి ఆయిల్ స్టిక్ తగిన సాధనమని నా నమ్మకం. దాని కొస లావు కనుక సన్నని వివరాలు కుదరవు. ఏది వేయాలో, ఏది వదిలేయాలో తేల్చుకోక తప్పదు. పైగా చెయ్యి ఎంత నొక్కితే రంగు అంత మందంగా దిగి అలాగే గట్టిపడుతుంది. అమెరికా చిత్రకారుడు బాస్కియా 1981లో ఆయిల్ స్టిక్ కూడా వాడి వేసిన పుర్రెలాంటి తల బొమ్మలో ఆ ఒత్తిడి ఇప్పటికీ కనిపిస్తుంది. తేనెమైనం కరిగేది 62–64 డిగ్రీల దగ్గరే అయినా వేలి వెచ్చదనానికే మెత్తబడుతుంది. కాబట్టి అంచుల్ని వేలితోనే కలపవచ్చు. కాడ్మియం రంగులైతే మాత్రం చేతికి తొడుగు ఉండాలి.

మెరుపు విషయంలో ఇటలీ చిత్రకారుడు జార్జో మొరాండీ (1890–1964) దారి దీనికి పూర్తిగా వ్యతిరేకం. బొలోన్యాలోని తన గదిలో అవే సీసాలను దశాబ్దాల పాటు గీసిన ఆయన, కొన్నిటికి ముందే రంగు పూసి మెరుపును చంపేసేవారు. ఆకారం, వాటి మధ్య ఖాళీ, ఇవే ఆయనకు కావాలి. నేను ఆయన్ని ఎంతో గౌరవిస్తాను. కానీ వాడకంలో అరిగిన వస్తువును గీసేటప్పుడు మెరుపును వదులుకోకూడదంటాను.

మీరూ మొదలుపెడితే కొన్ని జాగ్రత్తలు. నూనె నేరుగా ఇంకితే కాగితం కొన్నేళ్ళకు పెళుసుబారుతుంది, ముందుగా జెస్సో అనే అడుగు పూత వేయండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. అవిసె నూనె అంటిన గుడ్డలను కుప్పగా పడేస్తే వాటంతట అవే అంటుకోవచ్చు. విడివిడిగా ఆరుబయట పరచండి, లేదా నీళ్ళున్న రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి. పూర్తయిన బొమ్మను బీరువాలో దాచకండి, చీకట్లో అవిసె నూనె త్వరగా పసుపెక్కుతుంది. నేరుగా ఎండ తగలని, వెలుతురున్న గోడకు తగిలించండి.