ఇంజనుకు కూడా ఒక తూము

పిల్లలూ, మా ఇబ్రహీంపట్నం హైదరాబాదు నుంచి నాగార్జున సాగరుకు పోయే రోడ్డు మీద ఉన్నది. ఇక్కడి పెద్దచెరువు, 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలం నాటిది. చెరువుకు తూము ఉంటుందని మీకు తెలుసు గదా! తూము ఎంత తెరిస్తే పొలానికి అంత నీరు. ఇంజనులో కూడా ఇలాంటి తూము ఒకటి ఉన్నది. దాని కథ చెబుతాను, వినండి.

నా దగ్గర చదువుకున్న ఒకతను చిన్న పెట్రోలు ట్రక్కులో రైతుల కూరగాయలను సరూర్‌నగర్ రైతుబజారుకు చేరవేస్తుంటాడు. ఒకనాడు తెల్లవారుజామున నేను నడకకు బయలుదేరితే, అతని బండి రోడ్డు పక్కన గడగడ వణుకుతూ కనిపించింది.

"ఏమైంది నాయనా?" అన్నాను.

"ఎక్సిలరేటర్ మీద కాలు తీస్తే చాలు సార్, ఇంజను ఆగిపోతున్నది. నిన్న చౌరస్తా మధ్యలో ఆగింది. వెనక వస్తున్న బస్సు జానెడు దూరంలో నిలిచింది. ఒకచోట చూపిస్తే, విప్పకుండానే భాగం మొత్తం మార్చాలన్నారు. అమ్మాయి కాలేజీ ఫీజుకు దాచిన డబ్బు తీయక తప్పేట్టు లేదు," అన్నాడు.

"విప్పి చూడందే జబ్బు ఎలా తెలుస్తుంది? పద," అని అతన్ని మా వీధి చివరనున్న మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను.

మెకానిక్ ముందు చెవి ఒగ్గి విన్నాడు. గాలి గొట్టం ఎక్కడైనా చిరిగితే బుస్సుమని చప్పుడు వస్తుందట. అలాంటిదేమీ లేదు. స్పార్కు ప్లగ్గులు తీసి చూశాడు. అవీ బాగానే ఉన్నవి. అప్పుడు ఇంజను చల్లారనిచ్చి, బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసి, ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే లావుపాటి గొట్టాన్ని విప్పాడు. దాని వెనక లోహపు గొట్టం, అందులో అరచేతిలో పట్టేంత గుండ్రని రేకు ఒకటి కనిపించినవి. రేకు అంచు చుట్టూ నల్లని జిడ్డు!

"ఇదే థ్రాటిల్ బాడీ సార్," అన్నాడు.

పెట్రోలు మండాలంటే గాలి కావాలి. ఒక కిలో పెట్రోలు సరిగా మండడానికి సుమారు 15 కిలోల గాలి కావాలి. ఎక్సిలరేటర్ తొక్కితే నేరుగా పెట్రోలు పడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి తెరుచుకునేది ఈ రేకు, అంటే గాలి తూము. ఎంత గాలి వచ్చిందో చూసుకుని, బండిలోని కంప్యూటరు తగినంత పెట్రోలు చిమ్మిస్తుంది. ఈ రేకు కొత్తదేమీ కాదు. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి అమర్చిన గవర్నరు ఇలాంటి రేకునే తిప్పి, ఆవిరిని హెచ్చించి తగ్గించేది.

మరి ఈ జిడ్డు ఎక్కడిది? ఇంజను అడుగున వేడెక్కిన నూనె ఆవిరులను బయటికి వదలకుండా, మళ్లీ లోపలికే పంపి మండిస్తారు. ఆ ఆవిరులు సన్నని దుమ్ముతో కలిసి రేకు అంచున పేరుకుంటవి. చెరువులో పూడిక చేరినట్లే.

కాలు తీసినప్పుడే ఇంజను ఎందుకు ఆగింది? బండి నిలిచి ఉండగా ఇంజను తనంతట తాను మెల్లగా తిరగడాన్ని ఐడ్లింగ్ అంటారు. అప్పుడు రేకు దాదాపు మూసుకుని, అంచున సన్నని సందు మాత్రమే ఉంటుంది. ఆ సందు నాలుగు వెంట్రుకల వెడల్పు అనుకోండి. అందులో ఒక్క వెంట్రుక మందం జిడ్డు చేరితే పావువంతు దారి పోయినట్లే! అదే రేకు బార్లా తెరిచి బండి పరుగెత్తేటప్పుడు ఆ జిడ్డు లెక్కలోకే రాదు.

మెకానిక్ థ్రాటిల్ బాడీ కోసమే తయారుచేసిన ద్రవాన్ని మెత్తని గుడ్డ మీద చిమ్మి, రేకు రెండు వైపులా, గొట్టం లోపలా నెమ్మదిగా తుడిచాడు. రేకును వేలితో బలంగా నెట్టలేదు. నెడితే దాన్ని తిప్పే చిన్న మోటారు పళ్లు చెడిపోవచ్చు. అన్నీ బిగించి తాళం తిప్పితే, ఇంజను మొదట కాస్త జోరుగా తిరిగింది. జిడ్డు ఉన్నన్నాళ్లూ కంప్యూటరు రేకును ఎక్కువగా తెరిచి సర్దుకుంటూ వచ్చింది. ఇక ఎంత తెరవాలో మళ్లీ నేర్చుకోవాలి! ఆ పాఠం మెకానిక్ ఒక పరికరం తగిలించి నేర్పాడు. ఇంజను వణుకు మానింది. వంకాయలూ టమాటాలూ వాడకముందే బజారు చేరినవి. ఫీజు డబ్బు ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ ద్రవం నిప్పంటుకునేది, దాని ఆవిరి పీల్చకూడదు. కాబట్టి మీరు ఈ పని చేయకండి. దానికి బదులు ఒక ప్రయోగం చేయండి. రెండు పుస్తకాలను సన్నని సందు ఉండేట్లు పక్కపక్కన నిలబెట్టి, అవతల ఒక కాగితం ముక్క ఉంచి, సందులోంచి ఊదండి. తరువాత సందులో ఒక అట్టముక్క దూర్చి ఊదండి. ఆపైన పుస్తకాలను జానెడు దూరం జరిపి, అదే అట్టముక్కను ఒక పుస్తకానికి ఆనించి ఊదండి. కాగితం ఎప్పుడు కదిలిందో, ఎప్పుడు కదల్లేదో చూస్తే, ఆ ట్రక్కు జబ్బు మీకే తెలిసిపోతుంది.