టోకు నగలు: గీటురాయితో సరిపెట్టుకోరాదు

టోకున నగలు కొనే వర్తకుడు తూకం విషయంలో ఏమరడు. వన్నె విషయంలోనే తరచు నష్టపోవడం జరుగుతుంది. 22 క్యారెట్ల నగలో వెయ్యి పాళ్లకు 916 పాళ్లు మేలిమి బంగారం ఉండాలి. అది 900కు తగ్గితే కిలో సరుకులో 16 గ్రాముల మేలిమి లోటు పడుతుంది.

ఈ లోటుకు అతుకులు ఒక ముఖ్య కారణం. కడ్డీ సరిగానే ఉన్నా, టంకంలో మేలిమి తక్కువైతే గొలుసులు, బుట్టకమ్మల వంటి సరుకు వన్నె పడిపోతుంది. గీటురాయి, ఎక్స్-రే యంత్రం పై పొర సంగతే చెబుతాయి.

నికరంగా తేల్చేది పుటం పరీక్ష. నమూనాకు వెండి కలిపి, సీసపు రేకులో చుట్టి, పీల్చుకునే గుణం గల మూసలో కరిగిస్తారు. రాగి వగైరా సీసంతో పాటు మూసలో ఇంకిపోతాయి. వెండిని నత్రికామ్లంతో తొలగించి, మిగిలిన బంగారాన్ని తూస్తారు.

హాల్‌మార్క్ ముద్ర 2021 జూన్ నుంచి దశలవారీగా పలు జిల్లాల్లో తప్పనిసరి అయింది. ముద్రలో చూపిన దానికన్నా మేలిమి తగ్గినట్లు తేలితే, లోటు విలువకు రెట్టింపు మొత్తం, పరీక్ష ఖర్చు ఖాతాదారుకు చెల్లించవలసి ఉంటుంది. ఆ భారం చివరకు దుకాణంపై పడుతుంది.

కనుక టంకం వన్నె, నమూనా తీసే పద్ధతి, లోటు ఎవరు భరించాలన్నది ఆర్డరులోనే రాయించుకోవడం, అతుకుల వద్ద నుంచి కూడా నమూనా తీయించడం వర్తకులకు శ్రేయస్కరం.