ఫ్రెంచివారి ఊరిమాటలు

ఫ్రాన్సు దేశంలో పెద్ద పట్టణాలకు వెళ్లినవారికి ఊరి నడుమ ఒక ఘనమైన భవనంపై 'ఓతెల్ ద వీల్' అన్న అక్షరాలు కనిపిస్తాయి. హోటలు కదా అని ఆకలితో లోపలికి వెళితే అన్నం దొరకదు. అది పురపాలక కార్యాలయం! 'ఓతెల్' అంటే పూర్వం పెద్ద భవంతి అని కూడా అర్థం. 'వీల్' అంటే పట్టణం. చిన్న ఊళ్లలో ఈ కార్యాలయాన్ని 'మేరీ' అంటారు. పురాధ్యక్షుడి పేరు 'మేర్'.

వీల్ అనే మాటకు మూలం లాటిను భాషలోని 'విల్లా'. విల్లా అంటే పట్టణం కానే కాదు; పొలాల నడుమ ఉండే భూస్వామి ఇల్లు, దాని కమతం. ఆ ఇంటి చుట్టూ జనం చేరి, ఇళ్లు పెరిగిన కొద్దీ మాట అర్థం కూడా పెరిగింది. గ్రామాన్ని తెలిపే 'విలాజ్' కూడా ఈ వేరు నుంచి మొలిచినదే. మన దేశ జనగణనలో ఒక ఊరిని పట్టణంగా లెక్కించాలంటే కనీసం 5,000 మంది ఉండాలి. ఇంకా కొన్ని నియమాలున్నాయి. ఫ్రెంచి గణాంక శాఖకు 2,000 మంది చాలు. అయితే ఇంటికీ ఇంటికీ మధ్య ఎడం 200 మీటర్లకు మించరాదు.

ఇక కోట, పేటల సంగతి. బెంగళూరులో పెరిగిన పిల్లలకు ఇది సులభంగా బోధపడుతుంది. అక్కడ కోట వేరు, వర్తకులూ చేతిపనివారూ నివసించిన పేట వేరు. ఫ్రెంచిలో 'బూర్' అంటే మొదట కోట, తరువాత కోటను ఆనుకొని పెరిగిన ఊరు. స్ట్రాస్‌బూర్ వంటి పేర్ల చివర ఉన్నది ఇదే. గోడ బయట వెలసిన పేటను 'ఫోర్‌బూర్' అన్నారు. 'ఫోర్' అంటే వెలుపల. కాలక్రమాన జనం ఈ మాటను 'ఫోబూర్' అని పలికారు. 'ఫో' అంటే నకిలీ. వెలుపలి ఊరు కాస్తా నకిలీ ఊరైపోయింది! గోడ లోపలివారికి బయటివారిపై ఉన్న చిన్నచూపుకు ఈ అపార్థం బాగా సరిపోయింది కాబోలు. కాని 1789లో బాస్తీయ్ కోటను ముట్టడించినవారిలో ఎక్కువమంది ఫోబూర్ సేంత్ ఆంత్వాన్ అనే పేటలోని వడ్రంగులు మొదలైన చేతిపనివారే.

'బాన్లియ' అనే మాటది కూడా ఇటువంటి కథే. 'బాన్' అంటే ప్రభువు చాటించే ఆజ్ఞ. 'లియ' అంటే ఆమడ వంటి ఒక దూరపు కొలత, సుమారు నాలుగు కిలోమీటర్లు. పట్టణపు ఆజ్ఞ చెల్లే చుట్టుపక్కల నేల బాన్లియ. నేడు దానికి శివారు అని అర్థం. పారిస్ శివార్లలో ధనికుల ఊళ్లు కూడా ఉన్నాయి. అయినా పత్రికల్లో బాన్లియ అనగానే ఎత్తయిన మేడల్లో కిక్కిరిసిన పేద కుటుంబాలు, వలస వచ్చినవారి పిల్లలు, నిరుద్యోగం స్ఫురిస్తాయి. 2005లో అక్కడ చెలరేగిన అల్లర్లు ఆ మాటను లోకమంతటికీ వినిపించాయి. బాన్లియ అంటే 'వెలివేసిన చోటు' అని చెప్పేవారున్నారు. అది తప్పు.

'బుల్వార్' నేడు చెట్ల నీడనున్న విశాలమైన బాట. మొదట అది కోటబురుజు! పధ్నాలుగవ లూయీ 1670 నుంచి పారిస్ ప్రాకారాలను కూల్పించి, ఆ చోట బాటలు వేయించాడు. గోడ పోయింది, పేరు మిగిలింది. వీధిని 'ర్యూ' అంటారు. లాటినులో దీని మూలానికి ముడుత అని అర్థం. నాలుగు వీధులు కలిసే ఖాళీ స్థలం 'ప్లాస్', పేట లేదా వాడ 'కార్తియే'. పుదుచ్చేరిలో సముద్రం దగ్గరి వీధి పలకల మీద ర్యూ అన్న మాట నేటికీ చదవవచ్చు.

ఫ్రాన్సులో పాలనకు అట్టడుగు మెట్టు 'కొమ్యూన్'. ఇవి దాదాపు 35 వేలు. నూరుమంది లేని పల్లె ఒక కొమ్యూన్, పారిస్ మహానగరమూ ఒక కొమ్యూనే. యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉండేది. 1880లో వచ్చిన ఫ్రెంచి శాసనం ప్రకారం ఆ ఊరు కూడా కొమ్యూన్ అయింది. అక్కడా మేర్ ఉండేవాడు. నేడు యానాంలో ఉన్నది పురపాలక సంఘం. పుదుచ్చేరి, కారైకాల్ ప్రాంతాల పల్లెల్లో మాత్రం 'కమ్యూన్ పంచాయతీ' అన్న పేరు చట్టంలోనూ కార్యాలయాల పేర్లలోనూ నిలిచి ఉంది. అందులో మొదటి మాట ఫ్రెంచివారిది, రెండవది మనది.