కొండపల్లి బొమ్మను చూడాలా? కొండపల్లిలో దిగండి!

మన సినిమాల్లో హీరోగారికి హీరోయిన్ కనబడగానే గుర్తొచ్చే ఊరు ఒకటుంది. “అబ్బ! కొండపల్లి బొమ్మలా ఉంది!” అనేస్తాడు. 1993లో వెంకటేష్ అయితే ఏకంగా ‘కొండపల్లి రాజా’ అయిపోయాడు. ఆ ఊరి పేరును ఇంతగా వాడుకున్న హీరోల్లో ఎంతమంది ఆ ఊరి స్టేషన్లో రైలు దిగి ఉంటారంటారు? సరే, హీరోల సంగతి వదిలేద్దాం. మీలో ఎంతమంది దిగారు?

కాజీపేట, ఖమ్మం మీదుగా బెజవాడ వచ్చే ప్రతివాళ్ళూ ఆ స్టేషన్ మీదుగానే వస్తారు. “ఊరొచ్చేస్తోంది, సామాన్లు దించండి” అనే హడావుడిలో ఉండగా పసుపు రంగు బోర్డొకటి కిటికీలోంచి సర్రున వెనక్కి పోతుంది. అదే కొండపల్లి! ఈసారి వెనక్కి పోనివ్వకుండా అక్కడ దిగి, ఊరు చూసి, క్షేమంగా తిరిగి రావడం ఎలాగో చెబుతాను. వినండి.

బండి పెద్దదా, చిన్నదా?

ఈ రైలుదారి సామాన్యమైంది కాదు. నిజాం రైల్వే 1889లో బెజవాడ దాకా వచ్చింది ఈ దారినే. 1929లో కాజీపేట - బల్లార్షా లైను పూర్తయ్యాక, ఢిల్లీ నుంచి మద్రాసు వెళ్ళే రాజమార్గంలో ఇదొక ముక్క అయింది. 2023 జనవరి నుంచి సికిందరాబాదు - విశాఖ వందే భారత్ కూడా ఇటే పరుగెడుతోంది.

ఎటొచ్చీ, రాజమార్గం కావడంలోనే ఉంది చిక్కంతా! పెద్ద బళ్ళు చాలావరకు ఇక్కడ ఆగవు. పెద్ద హీరోలు చిన్న ఊళ్ళో కారు ఆపకుండా పోయినట్టు, దుమ్ము లేపుకుంటూ పోతాయి. మనకు కావలసింది డోర్నకల్ వైపు వెళ్ళే పాసింజరు బండి. అదే అన్ని చిన్న స్టేషన్లనూ పేరుపేరునా పలకరిస్తూ వెళుతుంది. బయలుదేరే ముందు 139కి ఫోన్ చేసి గానీ, విజయవాడ స్టేషన్ ఎంక్వయిరీలో గానీ రెండు ప్రశ్నలు అడగండి. ఒకటి: ఈ బండి కొండపల్లిలో ఆగుతుందా? రెండు: సాయంత్రం తిరిగొచ్చే బండి ఎన్నింటికి? మొదటి ప్రశ్న అందరూ అడుగుతారు. రెండోది మరిచిపోయినవాళ్ళే స్టేషన్లో దోమలతో డ్యూయెట్లు పాడుకుంటారు.

పది రూపాయల టిక్కెట్టు

దూరం 20 కిలోమీటర్ల లోపే. పాసింజరు బండికి కనీస టిక్కెట్టు 10 రూపాయలు. దీనికో చిన్న ఫ్లాష్‌బ్యాక్ ఉంది. 2020 మార్చిలో కరోనాకి పాసింజర్లన్నీ ఆగిపోయాయి. తిరిగొచ్చినప్పుడు వేషం మార్చుకుని, ఎక్స్‌ప్రెస్ ఛార్జీతో, కనీసం 30 రూపాయలంటూ వచ్చాయి. మళ్ళీ పది రూపాయలకు దిగింది 2024 ఫిబ్రవరిలో.

ఇక్కడ మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఈ పది రూపాయల టిక్కెట్టుతో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కుదరదు. అక్కడ దాని ఛార్జీ వేరే. టిక్కెట్టు అసలే లేకుండా దొరికితే ఛార్జీతో పాటు కనీసం 250 రూపాయల జరిమానా. అంటే రెండు సినిమాలు ఎగిరిపోయినట్టే! ఇక మూడోది, కౌంటరులో కొన్న టిక్కెట్టుకు ఆయుష్షు తక్కువ. కొన్న 3 గంటల లోపల గానీ, ఆ తర్వాతే బండి ఉంటే మొదటి బండికి గానీ ప్రయాణం మొదలుపెట్టాలి. కాబట్టి తిరుగు ప్రయాణానికి పొద్దున్నే టిక్కెట్టు కొనుక్కుని జేబులో దాచుకోవద్దు. సాయంత్రం కొండపల్లి కౌంటరులోనే కొనండి. అలా ఎందుకు కొనమంటున్నానో దానికి ఇంకో పెద్ద కారణం కూడా ఉంది. అది చివర్లో చెబుతాను.

దిగాక...

విజయవాడ దాటి, వ్యాగన్ల వర్క్‌షాపు ఉన్న రాయనపాడు దాటితే తర్వాతది కొండపల్లే. ఒకపక్క ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, ఇంకోపక్క అడవి కప్పుకున్న కొండలు. మామూలుగా అరగంట దారి. మన బండిని పక్కన పెట్టి పెద్ద బండికి దారి ఇచ్చారంటే ఇంకాస్త ఆలస్యం. విసుక్కోకండి, ట్రైలర్లు చూసినట్టు చూడండి.

దిగాక మాత్రం తొందర పడొద్దు. అందరూ పట్టాల మీదుగా దాటేస్తున్నారని మీరూ దూకకండి. వంతెన ఎక్కండి. 2022 సెప్టెంబరు నుంచి ఈ లైన్లో గంటకు 130 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. అంటే సెకనుకు 36 మీటర్లు! “బండి ఇంకా దూరంగానే ఉందిలే” అనుకునే లోపల మీద ఉంటుంది. సినిమాలో అయితే డూపు ఉంటాడు. మనకు లేడు.

స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుని ముందు కిల్లాకు పొండి. ఎండ ముదరక ముందే చూసెయ్యాలి. కొండవీటి రెడ్డిరాజుల కాలం నుంచీ గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు, మొఘలులు, ఇంగ్లీషువాళ్ళు చేతులు మార్చుకున్న కోట ఇది. దర్గా దర్వాజా, తనీషా మహలు చూడండి. రాళ్ళ మీద మీ పేరు, మీ ఆవిడ కాబోయే అమ్మాయి పేరు మాత్రం చెక్కకండి.

కిందికి దిగాక బొమ్మల కాలనీ. తెల్లపొణికి అనే తేలికైన చెక్కను ఆరబెట్టి, వేడి చూపించి, చేతులూ కాళ్ళూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ పైన సున్నం పూత, దాని మీద రంగులు. అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాడిచెట్టెక్కే గీత కార్మికుడు, దశావతారాలు... మన ఇళ్ళల్లో సంక్రాంతికి, దసరాకి కొలువు తీరే బొమ్మల పుట్టిల్లు ఇదే. ఈ పనివాళ్ళ పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. ఇప్పుడు కొండల్లో తెల్లపొణికి తగ్గిపోతోంది, నేర్చుకునే కుర్రాళ్ళూ తగ్గిపోతున్నారు. బొమ్మ కొంటే చేసిన చేతి నుంచే కొనండి, బేరం కాస్త చూసి ఆడండి.

క్లైమాక్స్ ఛేజ్

ఆ మధ్య నేనూ ఇలాగే వెళ్ళాను. ఒక ముసలాయన ఏనుగుకు కళ్ళు దిద్దుతుంటే చూస్తూ కూర్చుండిపోయాను. బండి కూత వినబడింది. లేచి పరుగు తీయబోయాను. ఆయన తలెత్తకుండానే, “కూర్చో అబ్బాయ్! కూత విన్నాక బయల్దేరితే అది మన బండి కాదు. కూత రాకముందే అక్కడుంటే అది మనది” అన్నాడు. ఇరవై ఏళ్ళుగా సినిమాలు చూస్తున్నాను గానీ ఇంత మంచి డైలాగు వినలేదు!

‘వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్’ (2013)లో సందీప్ కిషన్ బండి వెనకాల పడే అవస్థకు హాలంతా నవ్వాం కదా! ఆ రాత్రి నాకు నవ్వు రాలేదు. కదిలే బండి తలుపులోంచి షారుఖ్ ఖాన్ లాగా చెయ్యందించేవాళ్ళు అసలే లేరు. ఆటోలో ఇబ్రహీంపట్నం పోయి హైదరాబాదు రోడ్డు మీద బస్సు పట్టుకుని విజయవాడ చేరాను. మీకూ అదే ఆఖరి మార్గం. కాకపోతే అరగంట ముందే స్టేషన్‌కు వస్తే ఆ అవసరమే రాదు.

ఇక ఆ పెద్ద కారణం

బస్సుంది, ఆటో ఉంది, స్నేహితుడి మోటారుసైకిలుంది, రైలే ఎందుకని అడగొచ్చు. సినిమా చూసేవాళ్ళు మీకు ఇట్టే తెలుస్తుంది. చిన్న సినిమా ఒకటి ఎంత బాగున్నా మొదటివారం కౌంటర్లో టిక్కెట్లు తెగకపోతే ఏం చేస్తారు? హాల్లోంచి ఎత్తేస్తారు. రైలు హాల్టుల కథా అంతే. బండి ఆపాలా, అక్కర్లేదా అని తేల్చేటప్పుడు ఆ స్టేషన్ టిక్కెట్ల అమ్మకం కూడా లెక్కలోకి వస్తుంది. కరోనా తర్వాత దేశంలో ఎన్నో చిన్న స్టేషన్లు ఇలాగే హాల్టులు పోగొట్టుకున్నాయి.

పాసింజరు ఆగకపోతే మనకు పోయేది ఒక సరదా. బెజవాడ పనికి వచ్చిపోయే కూలీకి, కాలేజీ పిల్లకు, బొమ్మల సంచీ భుజాన వేసుకుని బయల్దేరే ఆ ముసలాయనకు పోయేది దారి. మీరు కొనే పది రూపాయల టిక్కెట్టు ఆ హాల్టుకు వేసే ఓటు సుమా!

ఈ ఆదివారం మార్నింగ్ షో మానెయ్యండి. పాసింజరెక్కండి. తిరిగొచ్చేటప్పుడు మీ ఒళ్ళో నిజమైన కొండపల్లి బొమ్మ ఉంటుంది. ఆపైన సినిమాలో హీరో ఆ మాట అన్నప్పుడు, పక్కసీటువాడితో “నేను చూశానోయ్!” అని దర్జాగా చెప్పొచ్చు.