గోటి మీద చుక్కకు కాల్షియం మాత్రలా?

గోటి మీద తెల్లచుక్క పడితే కొత్త బట్టలొస్తాయని చిన్నప్పుడు మురిసిపోయేవాళ్ళం. ఆ నమ్మకం వల్ల ఎవరికీ నష్టం జరగలేదు. ఇప్పుడు అదే చుక్క వాట్సాప్ వైద్యుల చేతిలో పడి 'కాల్షియం లోపం' అయి కూర్చుంది. చీటీ కూడా లేకుండా మందుల షాపులో డబ్బా కొనడం, పిల్లలకూ పెద్దలకూ వరసపెట్టి మింగించడం!

గోరు ఎముక కాదు, కెరటిన్ అనే ప్రోటీన్. అందులో కాల్షియం ఉన్నదే బహు తక్కువ, గోటి గట్టిదనానికి దానితో పెద్దగా పనిలేదు. మరి చుక్క ఎక్కడిది? గోటి మొదట్లో, చర్మం మడత కింద గోరు తయారవుతుంది. అక్కడ చిన్న దెబ్బ తగిలినా, గోళ్ళు కొరికినా, అందం కోసం ఆ చర్మాన్ని వెనక్కి నెట్టినా, ఆ కాస్త గోరూ సరిగా తయారుకాక తెల్లగా కనిపిస్తుంది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది కనుక చుక్క పైకి వచ్చేసరికి తగిలిన దెబ్బ ఎవరికీ గుర్తుండదు. తర్వాత అది గోటితోపాటే ముందుకు జరిగి కత్తిరింపులో పోతుంది. ఈలోగా డబ్బా ఖాళీ చేసినవారు ఆ ఘనత మాత్రకు కట్టబెడతారు.

పోనీ, మింగితే పోయేదేముంది అంటారా? కాల్షియం మాత్ర ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కన మన దేశంలో 15-49 ఏళ్ళ మహిళల్లో 57 శాతానికి రక్తహీనత. ఐరన్ మాత్రకు కాల్షియం జతచేసి గుటుక్కున మింగడం అంటే ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో లాక్కోవడమే. థైరాయిడ్ మాత్రకూ ఇదే గతి, దానికీ కాల్షియానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మలబద్ధకం సరేసరి.

గోటి మొదట్లో తెల్లటి నెలవంక కనబడకపోతే గుండెజబ్బు అన్నదీ ఉత్తమాటే, చాలామందికి అది చర్మం కిందే ఉంటుంది. నిలువు గీతలు వయసుతో వచ్చేవే. గోళ్ళు రుద్దుకుంటే జుట్టు మొలవదు, గోళ్ళు అరుగుతాయి.

అయితే 'గోరు రోగం చెబుతుంది' అన్న మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. పెద్దవాళ్ళకు గోరు చెంచాలా గుంటపడితే ఇనుము లోపాన్ని అనుమానించాలి. లివర్ చెడిన వారిలో గోళ్ళు దాదాపు మొత్తంగా తెల్లబడటాన్ని టెర్రీ అనే వైద్యుడు 1954లోనే రాశాడు. వేలికొసలు ఉబ్బి గోరు గుండ్రంగా వంగితే ఊపిరితిత్తుల జబ్బో, గుండెజబ్బో ఉండొచ్చు. ఆ ఉబ్బు ఉందో లేదో తెలియాలంటే రెండు చేతుల ఉంగరపు వేళ్ళను గోరుకు గోరు ఆనించి చూడండి, మధ్యలో వజ్రంలాంటి చిన్న సందు కనబడాలి. దక్షిణాఫ్రికా గుండెవైద్యుడు షామ్రాత్ తన వేళ్ళ మీదే గమనించి 1976లో ప్రకటించిన పరీక్ష ఇది. సందు కనబడకపోతే హడలిపోకండి, డాక్టరుకు చూపించండి. గోరు చేసేది అనుమానం కలిగించడం వరకే, తేల్చాల్సింది పరీక్షలు.

చుక్కల సంగతి వదిలేయండి గానీ, ఒకే గోటికి కొత్తగా నల్లటి నిలువుగీత వచ్చి వెడల్పవుతుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. అరుదే అయినా అది కాన్సర్ కావచ్చు. చర్మవైద్యుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు గోళ్ళరంగు తుడుచుకుని వెళ్ళండి.